ఊరివైపు తిప్పిన బూట్లు

లేహ్‌లో విమానం వెనక తలుపు దించారు. మా రేడియో ఆపరేటర్ అన్న ముక్కు ఎగబీల్చి చూసి, "ఇక్కడ ఏ వాసనా నేదేటిరా?" అన్నాడు.

నిజమే, ఏ వాసనా లేదు. నెల కిందటి దాకా మేము నికోబార్ దీవుల్లో ఉన్నాం. అక్కడ గాలి నిండా కుళ్ళిన ఆకులు, కొబ్బరి, ఉప్పు, ఎండని బట్టలు. ఓడలో చెన్నై, రైల్లో చండీగఢ్, అక్కణ్ణుంచి విమానంలో ఇక్కడ. ఒంట్లో ఇంకా దీవి చెమట ఆరలేదు.

సెప్టెంబరు నెల. పొద్దున్న ఏడు. ఎండలో నిలబడితే కళ్ళు మండుతున్నాయి, నీడలోకి వెళితే పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఆర్డర్ ఒక్కటే. ఎత్తుకి ఒళ్ళు అలవాటు పడేదాకా పరిగెత్తొద్దు, బరువులు ఎత్తొద్దు, వెళ్ళి పడుకోండి. సైన్యంలో చేరాక పడుకోమని ఆర్డర్ రావడం అదే మొదలు. మావాళ్ళు పండగ చేసుకున్నారు. రెండో రోజుకి అందరికీ తలనొప్పి పట్టుకుంది. పండగ అయిపోయింది.

నాది భిలాయి, క్యాంప్ 2. మా నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి ఉక్కు ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో చేరాడు. నేను హిందీ బడిలో చదివాను. ఈ తెలుగు మా అమ్మ పెట్టిన భిక్ష. మధ్యలో రాళ్ళు తగిలితే ఏరుకుని చదవండి.

ఫౌజు వదిలి వచ్చాక నన్ను అందరూ అడిగేది ఒకటే. పవర్ హౌస్ మార్కెట్లో టీ దగ్గర, రేషన్ లైన్లో, పెళ్ళి భోజనాల్లో. అండమాన్ చూశావు, లద్దాఖ్ చూశావు, రెండింట్లో ఏది బాగుంది? మా వీధిలో రైల్ మిల్లు నుంచి రిటైరైన బాబాయి ఒకాయన ఉన్నాడు. "సర్కారు కర్సుతోటి రెండు హనీమూన్లు సేసొచ్చినావురా, పెళ్ళి కాకుండానే" అంటాడు. ఇన్నాళ్ళూ నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతాను. మీకు నచ్చకపోతే నా పూచీ లేదు.

రెండు చోట్లా నాతో ఉన్న మనిషి ఆపరేటర్ అన్న. మా కంపెనీ రేడియో ఆయన చేతిలో ఉండేది. శ్రీకాకుళం సముద్రం ఒడ్డు ఊరు, వేటకెళ్ళే ఇల్లు. నాకంటే పదేళ్ళు పెద్ద. నన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. "ఒరే భిలాయీ" అనేవాడు. నా తెలుగు విని పొట్ట పట్టుకుని నవ్వేవాడు. "నువ్వు మాటాడితే బియ్యంలో రొట్టి ముక్కలు కలిపినట్టుంటాదిరా" అనేవాడు.

దీవి గురించి చెప్పాలంటే ముందు తడి గురించి చెప్పాలి. ఏడాదిలో ముప్పాతిక వంతు వాన. పొద్దున రైఫిల్‌కి నూనె రాస్తే సాయంత్రానికి తుప్పు. తోలు బెల్టుకి రెండు రోజుల్లో పచ్చటి బూజు. అగ్గిపుల్ల వెలగదు. రేడియో బ్యాటరీలని ఆపరేటర్ అన్న బియ్యం డబ్బాలో పాతిపెట్టేవాడు. ప్యాట్రోల్ నుంచి వచ్చి కాన్వాసు బూట్లు విప్పితే కాళ్ళు ఉడికిన బంగాళాదుంపల్లా ఉండేవి, వేళ్ళ మధ్య తోలు ఊడి వచ్చేది. జలగలు సరేసరి. ఎండిన కొబ్బరికాయ చెట్టు మీంచి దబ్బున పడితే సెంట్రీ "హాల్ట్!" అని అరిచేవాడు. కాయ ఆగేది. మేము వారం రోజులు వాణ్ణి ఏడిపించేవాళ్ళం.

అయినా అక్కడ ఆదివారాలు ఉండేవి. నాలుగు నుంచి ఐదు వరకు సముద్ర స్నానానికి పర్మిషన్, మొసలి కాపలాకి ఒక సెంట్రీ. నేను అప్పటి దాకా చూసిన పెద్ద నీళ్ళు మా మరోదా చెరువే. మొదటిసారి సముద్రం చూడగానే చెప్పులు ఎటు విసిరానో తెలీదు, పరిగెత్తాను. ఆపరేటర్ అన్న చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు.

"సెప్పులు అలగిసిరీసి ఎల్తారేటిరా సముద్రంలోకి? గంగమ్మతల్లి ఊరుకుంటాదా?"

"మరి ఏం చెయ్యాలి అన్నా?"

ఆయన తన చెప్పులు విప్పి, వంగి, ముందువైపు ఊరికేసి ఉండేలా తిప్పి పక్కపక్కన పెట్టాడు. "సముద్రంకేసి పెడితే అవి మనకంటే ముందే ఎల్లిపోతాయి. ఊరికేసి సూస్తన్నాయనుకో, మనం ఎనక్కొచ్చి తొడుక్కుంటాం. మా తాత అలగే పెట్టాడు, మా నాన అలగే పెట్టాడు." తరవాత లుంగీ మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, దోసిలితో నీళ్ళు తీసి నెత్తిన చల్లుకుని, అప్పుడు దిగాడు. నేను నవ్వాను. నవ్వుతూనే నా చెప్పులు కూడా తిప్పి పెట్టాను. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. ఆ ఏడాదంతా ప్రతి ఆదివారం ఇద్దరి చెప్పులూ ఊరికేసి చూస్తూ కూర్చునేవి.

ఇప్పుడు లద్దాఖ్ సంగతి. నవంబరులో మమ్మల్ని పైకి పంపారు. పోస్టు పదిహేడు వేల అడుగుల పైన. మేము ఏడుగురం. హవల్దార్ మా పెద్ద, గఢ్వాల్ కొండల మనిషి. నర్సింగ్ అసిస్టెంట్ బెంగాలీ, అతన్ని అందరం డాక్టర్ అనేవాళ్ళం. ఒక వంటవాడు, ఇద్దరు జవాన్లు, ఆపరేటర్ అన్న, నేను. ఒక ఫైబర్ గుడిసె, లోపల కిరోసిన్ పొయ్యి. గుడిసెకి ఎడమవైపు తాడు కట్టిన దారి, అది పట్టుకుని కింది క్యాంపుకి దిగాలి. ఆ తాడు పక్కనే లోయ. వెనకవైపు ఏటవాలు, దాని అడుగున తాంబాళంలాంటి చదును. అది వేసవిలో చిన్న సరస్సు అట. మేము చూసినన్నాళ్ళూ గట్టి మంచే.

ఇక్కడ అన్నీ దీవికి తిరగేసినట్టు. తుప్పు పట్టదు, బూజు పట్టదు, ఏదీ కుళ్ళదు. కోడిగుడ్డు నేలకేసి కొడితే రాయిలా దొర్లుతుంది. బట్ట తడిపితే రేకు అవుతుంది. రైఫిల్‌ని వట్టి చేత్తో ముట్టుకుంటే చర్మం దానికే అంటుకుపోతుంది. బ్యాటరీలని ఆపరేటర్ అన్న స్లీపింగ్ బ్యాగులో పసిపిల్లల్ని పడుకోబెట్టుకున్నట్టు పక్కలో పెట్టుకునేవాడు. పొయ్యి పొగకి మా ఉమ్మి నల్లగా ఉండేది. మా నాన్న డ్యూటీ దిగి వచ్చి ఉమ్మితే అలాగే ఉండేది. దేశం పైకొసకి వచ్చి నేను మా నాన్న ఉమ్మే ఉమ్మాను.

దీవిలో పగలంతా మనిషి అలికిడి, పురుగు అలికిడి. ఇక్కడ గాలి ఆగితే మన చెవిలో మన రక్తం వినిపిస్తుంది. అదంటే నాకు భయం వేసేది. ఇప్పటికీ ఇంట్లో ఫ్యాన్ ఆగిపోతే లేచి కూర్చుంటాను.

సాయంత్రం ఆరింటికి కింది బేస్ క్యాంపు రేడియోలో పిలిచేది. "ఓకే రిపోర్ట్? ఓవర్." ఆపరేటర్ అన్న "సబ్ ఠీక్, సాత్ ఆద్మీ ఠీక్. ఓవర్" అని, ఏడుగురం బాగున్నామని చెప్పి, సెట్టు కట్టేసి, సాక్సులు విప్పేవాడు. ఆవనూనె వేడి చేసి ఒక్కో కాలివేలు విడివిడిగా రుద్దుకునేవాడు. మేమంతా ఆర్డర్ కాబట్టి రుద్దుకునేవాళ్ళం. ఆయన మాత్రం పూజ చేసినట్టు చేసేవాడు. డాక్టర్ ఏడిపించేవాడు. "దాదా, ఇంత సేవ మీ ఆవిడ కాళ్ళకి చేసి ఉంటే ఈపాటికి గుడి కట్టించేది."

"నవ్వండ్రా, నవ్వండి" అనేవాడు అన్న. నా వైపు తిరిగి తెలుగులో చెప్పేవాడు. "తెప్ప మీద నిలబడాలంటే సేతులతో ఏటి పనిరా? పట్టుకోడానికేటుంటాది? నాలుగు దుంగలు, తాడు, మీద నీళ్ళు. తడి దుంగని కాలేళ్ళతోటి కరిసి పట్టుకోవాల. ఏళ్ళు నేనోడు ఒడ్డునుండి వలలు బాగుసేసుకోవాల్సిందే."

ఆయనకి అదే ఆఖరి శీతాకాలం. వేసవిలో పెన్షన్ మీద ఇంటికి. అక్కడ తమ్ముడు దుంగలు తెచ్చి ఎండబెట్టి ఉంచాడు, అన్న వచ్చి తెప్ప కట్టుకోవడమే తరువాయి. పదిహేడేళ్ళు పరాయి ఊళ్ళలో తిరిగినవాడు, మళ్ళీ సముద్రం మీద నిలబడాలని ఒక్కటే కోరిక. అందుకని మా ఏడుగురిలో కాళ్ళని అంత జాగ్రత్తగా చూసుకున్నవాడు ఇంకొకడు లేడు. ఇది గుర్తుపెట్టుకోండి. నాకు దేవుడి మీద కోపం వచ్చేది ఇక్కడే.

జనవరిలో తుఫాను పట్టింది. గుడిసె తలుపు మూసుకుపోయేది, తవ్వుకుని బయటికి వచ్చేవాళ్ళం. మా బదులు పైకి రావాల్సిన పార్టీ కింద ఇరుక్కుపోయింది. ఆపరేటర్ అన్నకి తలనొప్పి మొదలైంది. తరవాత వాంతులు. ఆ తరవాత ఒక పొద్దున బూటు తాడు ముడి వెయ్యడం చేత కాలేదు, చేతిలో తాడు పట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆ సాయంత్రం బేస్ పిలిచినప్పుడు సెట్టు తీసుకుని తెలుగులో మొదలుపెట్టాడు.

"అల పెద్దదొస్తన్నాది. తెప్ప తిప్పీ. బేగి తిప్పీ."

"రిపీట్. ఓవర్" అంది బేస్.

"తిప్పీమంటే తిప్పవేటిరా!"

ఎవరూ నవ్వలేదు. హవల్దార్ ఆయన చేతిలోంచి మెల్లిగా సెట్టు తీసుకున్నాడు. డాక్టర్ టార్చి వేసి కళ్ళు చూశాడు. మెదడులో నీరు పడుతోందన్నాడు. సూది వేశాడు, ఉన్న ఆక్సిజన్ పెట్టాడు. "కిందికి దించడమే మందు. ఇంకోటి లేదు" అన్నాడు. బేస్ ఒకే మాట చెప్పింది, ఈ వాతావరణంలో హెలికాప్టర్ రాదని. "మౌసమ్ ఖరాబ్. హెలికాప్టర్ నెగెటివ్. ఓవర్."

మర్నాడు పదకొండింటికి మబ్బు విడిపోయింది. రెండింటికి హెలికాప్టర్ పంపుతామన్నారు. అది దిగాలంటే దిగే చోటు తవ్వి, తొక్కి గట్టి చెయ్యాలి. హవల్దార్ అందరినీ పారలతో బయటికి తీశాడు. అన్న దగ్గర వంటవాడిని కూర్చోబెట్టాడు. సూది పనిచేసి అన్న నిద్రపోతున్నాడు. వంటవాడు మంచు కరిగించి నీళ్ళు కాయడానికి డబ్బాతో బయటికి వెళ్ళి, నింపుకుని వచ్చాడు. స్లీపింగ్ బ్యాగు ఖాళీ.

గుడిసె వెనకాల, ఇరవై గజాల దూరంలో బూట్లు దొరికాయి. తిన్నగా పక్కపక్కన పెట్టి ఉన్నాయి. లోపల సాక్సులు. పక్కన మడతపెట్టిన కోటు. గాలికి అక్కడి మంచు సిమెంటులా గట్టిపడి ఉంది, అడుగుల గుర్తు ఒక్కటి లేదు.

హవల్దార్ కొండల మనిషి. జాడలు చూడటం వచ్చినవాడు. బూట్లు చూశాడు, అవి చూస్తున్న వైపు చూశాడు. "ముందువైపు గుడిసెకేసి ఉంది. అంటే ఇటు నడుస్తున్నాడు. గుడిసె దాటి తాడు వైపు పోయాడు. దౌడో!" లోయ ఉన్నది అటే. అందరూ అటు పరిగెత్తారు. ఆ ఎత్తులో పరుగంటే నాలుగు అంగలు, ఒక రొప్పు.

నేను కదల్లేదు. "ఉల్టా హై, సాబ్!" అని అరిచాను.

"క్యా ఉల్టా?"

"వాళ్ళ ఊళ్ళో సముద్రంలోకి దిగేముందు చెప్పులు ఇలాగే పెడతారు. ముందువైపు ఇంటికేసి. మనిషి వెళ్ళేది వెనకవైపు. ఆయన సముద్రానికి వెళ్ళాడు సాబ్."

హవల్దార్ నా ముఖం చూశాడు. నాకూ మతి పోయిందేమోనని చూశాడు. తరవాత వెనకవైపు ఏటవాలు చూశాడు. తుఫాను కడిగేసిన ఆకాశం కింద ఆ సరస్సు మంచు నీలంగా మెరుస్తోంది. "డాక్టర్, నువ్వు, అటు. మేము ఇటు."

నేనూ డాక్టరూ కూర్చుని జారాం. అన్న సరస్సు అంచున నిలబడి ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచాడు. జుట్టు నిండా మంచు, దోసిలితో చల్లుకున్నది, కరగలేదు. వట్టి కాళ్ళు మైనం రంగులో ఉన్నాయి. చేతులు వదులుగా ఆడిస్తూ దూరంగా చూస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడు. దీవిలో ఆదివారం సాయంత్రం నవ్వే నవ్వు.

"భిలాయీ, దిగరా. నీళ్ళు ఎచ్చగున్నాయి."

నేను చంకల కింద చేతులు వేసి పట్టుకున్నాను. ఆయన నన్ను తోసేశాడు. అంత జబ్బులో అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో. "ఒగ్గీరా! ఇంకొక్క మునక. ఒగ్గీ!" డాక్టర్ కాళ్ళు పట్టుకున్నాడు, నేను భుజాలు. ఆ నీలం మంచుకి వీపు తిప్పి ఎక్కుతుంటే ఆయన ఏడ్చాడు. పిల్లవాణ్ణి తిరునాళ్ళ నుంచి లాక్కొస్తే ఏడ్చినట్టు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. కన్నీళ్ళు రెప్పల మీదే గడ్డకట్టి చూపు ఆనలేదు. హవల్దార్ వాళ్ళు తిరిగి వచ్చి తాడు వేసి లాగారు.

గుడిసెలో డాక్టర్ తన చొక్కా ఎత్తి ఒక కాలు తన పొట్టకి ఆనించుకున్నాడు. రెండోది నా పొట్టకి. ఆ వేళ్ళు నా పొట్ట మీద రాళ్ళలా ఉన్నాయి. ప్రతి సాయంత్రం ఆయన నూనె రాసిన వేళ్ళు అవే. నేను వాటితో మాట్లాడాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను. కదలండమ్మా, కొంచెం కదలండి అన్నాను. కదల్లేదు.

హెలికాప్టర్ రెక్కలు ఆపకుండానే దిగింది. ఎక్కించాం. పోయింది. ఆ సాయంత్రం బేస్ పిలిస్తే హవల్దారే సెట్టు పట్టుకున్నాడు. "ఛే ఆద్మీ ఠీక్. ఓవర్." ఇప్పుడు ఆరుగురమే. అవతలి గొంతు చెప్పింది. "మీ ఆపరేటర్ బతికాడు. ఓవర్." గుడిసెలో అందరూ ఒకరినొకరు వాటేసుకున్నారు. నేను సెట్టు అందుకుని కాళ్ళ సంగతి అడిగాను. "నాట్ నోన్. ఓవర్."

జూన్ మొదట్లో నాకు సెలవు దొరికింది. భిలాయి పవర్ హౌస్ స్టేషన్లో మధ్యాహ్నం దిగాను. ప్లాట్‌ఫారం పెనంలా కాలుతోంది. అమ్మ నన్ను చూసి గుండెలు బాదుకుంది. "సలి దేశానికెల్లి ముకం కాల్సుకొచ్చినావేటిరా నాయినా!" మంచు మీది ఎండ అలాగే కాలుస్తుందని చెప్పినా నమ్మలేదు. నాన్న దగ్గరికి వచ్చాడు. నా చేతులు తీసుకుని వేళ్ళు తడిమి చూశాడు. తరవాత వంగి నా బూట్లు విప్పించి కాళ్ళు చూశాడు. "అన్నీ ఉన్నాయి" అని అమ్మతో చెప్పాడు. కోక్ ఓవెన్స్ మనిషికి ముందు ఏమి లెక్క చూడాలో తెలుసు.

వారం తిరక్కుండా శ్రీకాకుళం వెళ్ళాను. రాయపూర్ మీదుగా రైలు, తరవాత రెండు బస్సులు. అన్న ఇంటి ముందు నీడలో వల అల్లుతున్నాడు. రెండు పాదాలకీ ముందు సగం లేదు. మడమలే మిగిలాయి.

"ఏరా భిలాయీ, తెలుగొచ్చినాదేటి?"

వదిన చేపల పులుసు పెట్టింది. తిన్నాం. తమ్ముడు ఆ దుంగలతో తెప్ప కట్టేసుకున్నాడట, వేటకి తనే పోతున్నాడట. అన్న ఆ మాట మామూలుగా చెప్పి, వల ముడి బిగించాడు. నేను అడగలేనిది ఆయనే ఎత్తాడు.

"నాను దిగినానురా. మోకాళ్ళ దాకా వచ్చినాయి నీళ్ళు. నువ్వొచ్చి లాగీసినావు."

"అన్నా, అది మంచు."

"తెలుసురా. డాక్టర్లు సెప్పినారు. సెప్తే అయిపోద్దేటి? కాళ్ళకి తెలిసింది కాళ్ళకి తెలుసు." "ఇక్కడ నీళ్ళు సల్లగుంటాయిరా."

నేను లేచి ఒడ్డుకి వెళ్ళి కాలు పెట్టి చూశాను. ఎండలో పెట్టిన బిందెలో నీళ్ళలా ఉన్నాయి. వెనక్కి వచ్చి, వెచ్చగానే ఉన్నాయి అన్నా, అన్నాను. "నీకు" అన్నాడు.

బతికించానని అందరూ నన్ను మెచ్చుకున్నారు. వదిన చేతులు పట్టుకుని దణ్ణం పెట్టింది. ఆయన మాత్రం ఏనాడూ థ్యాంక్స్ చెప్పలేదు, తిట్టనూ లేదు. ఆయన బతికి ఉండాలనే నేను లాగాను. మళ్ళీ అయినా లాగుతాను. కానీ ఆయన జీవితంలో ఆఖరి వెచ్చటి నీళ్ళలోంచి ఆయన్ని బయటికి తెచ్చినవాణ్ణి కూడా నేనే.

మర్నాడు పొద్దున్నే బస్సుకని బయలుదేరాను. మంచం మీద అన్న లేడు. "రోజూ అంతే బాబూ, ఎవులూ నెగకముందే ఎల్తాడు. ఎవులైనా సూస్తే వచ్చీస్తాడు" అంది వదిన. సాయంత్రం బండికి భిలాయి చేరే దారి పట్టాను. సెలవు అయ్యాక ఇంకో పోస్టింగ్, తరవాత ఇంకొకటి. చాలా చూశాను, చాలా మర్చిపోయాను.

ఆ పొద్దున ఒడ్డున చూసింది మర్చిపోలేదు. లాగేసిన పడవ చాటున నిలబడి చూశాను. అన్న నీళ్ళలో ఉన్నాడు. నిలబడ్డాడు. అల వెనక్కి వెళుతూ మడమల కింది ఇసుక లాగేసింది. పట్టుకోడానికి వేళ్ళు లేవు, పడ్డాడు. కర్ర మీద లేచాడు. ఇంకో అల వచ్చింది, మళ్ళీ పడ్డాడు, మళ్ళీ లేచాడు. ఈసారి నేను పరిగెత్తలేదు. తల దించుకున్నాను. నా ముందు తడి ఇసుకలో ఆయన నడిచి వెళ్ళిన గుర్తులు ఉన్నాయి. మడమల గుంటలు, జంటలు జంటలుగా, తిన్నగా నీళ్ళలోకి. అల వచ్చి వాటిని నింపి వెళ్ళింది. వేళ్ళుండాల్సిన చోట ఇసుక చదునుగా ఉంది.